క్యూసెక్కులు వద్దు, తారీఖు చెప్పు

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పొలం ఉన్నోళ్లకి ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కాల్వలో నీళ్లున్నాయంటే మన పొలానికి నీళ్లొచ్చినట్టు కాదు. డ్యామ్ దగ్గర ఈ కాల్వ కెపాసిటీ 11,000 క్యూసెక్కులు. అక్కడ గేట్లెత్తగానే వార్త వస్తుంది, ఫోటో వస్తుంది, స్టేటస్‌లూ పెట్టేస్తాం. ఆ నీళ్లు మిర్యాలగూడ వైపు దాటి, మునగాల, నడిగూడెం దాకా రావాలంటే మాత్రం దారిలో బోలెడు తూములు, బోలెడు మోటార్లు.

మా బాబాయిది కోదాడ వైపు చివరి పొలం. విడుదల వార్త చదివి వినిపిస్తే ఆయనది ఒకటే మాట: "పదివేలు వదిల్తే నాకేంది? మా తూముకి ఎప్పుడొస్తయి, ఎన్ని రోజులుంటయి, అది చెప్పు." నారు ఎప్పుడు పోయాలో తేలేది ఆ తారీఖుతోనే. నీళ్లు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, ముదురు నారు నాటితే దిగుబడి తగ్గుతుంది. యాసంగిలో ఆన్ అండ్ ఆఫ్ పెడితే, అంటే కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపితే, ఆ షెడ్యూలే ఆయనకి ప్రాణం.

మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదే. పొద్దున స్టాండప్‌లో "ఏపీఐ అయిపోయింది, డిప్లాయ్ చేసేశాం" అంటాం. అది క్యూసెక్కుల లెక్క. అవతల కస్టమర్ ఫోన్లెత్తే సపోర్ట్ అమ్మాయికి కావాల్సింది వేరు: రేపు పదింటికి డీలర్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? స్టేక్‌హోల్డర్లు అని పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ, వాళ్లంతా ఒక్క కాల్వ మీద వేర్వేరు చోట్ల ఉన్న రైతులే. హెడ్‌లో ఉన్న మేనేజర్‌కి సమాచారం పొంగి పొర్లుతుంది. టెయిల్‌లో ఉన్న సపోర్ట్‌కి తడి కూడా అందదు.

మిర్యాలగూడ టోకెన్లు గుర్తున్నాయా? 2020 వానాకాలం పంట. సన్నాలు కోతకొచ్చాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లలో తేమ అంతకంటే ఎక్కువే. ఆరబెట్టడానికి కళ్లం లేదు, వాన భయం. మిర్యాలగూడ మిల్లుల్లో డ్రైయర్లున్నాయి, పచ్చి వడ్లే కొంటారు. దాంతో ఎక్కడెక్కడి ట్రాక్టర్లూ అటే. మిల్లుల ముందు లైన్లు పెరిగాయి. అధికారులు టోకెన్ పెట్టారు, టోకెన్ దొరికాకే కోయమన్నారు.

ఇంజినీర్‌గా నాకు ఆ ఐడియా నచ్చింది. సర్వర్ మీద లోడ్ పడితే మేం చేసేదీ అదే కదా, ఒక్కొక్కరినే లోపలికి పంపడం. కానీ క్యూ తగ్గలేదు. మిల్లు గేటు దగ్గర్నుంచి టోకెన్లిచ్చే చోటికి మారింది, అంతే. ఎందుకంటే ఆ చీటీ ఒకవైపు నుంచే మాట్లాడుతుంది. మిల్లు రోజుకి ఎంత దించుకోగలదో దానికి తెలుసు. చేను ఏ రోజుకి పండుతుందో, హార్వెస్టర్ ఊళ్లోకి ఎప్పుడొస్తుందో అది అడగలేదు. హార్వెస్టర్ వాడేమో వరసగా కోసుకుంటూ పోతాడు, మన టోకెన్ తారీఖు కోసం పక్క ఊళ్లో ఆగడు. మిల్లు, మిషను, చేను... మూడింటికీ మూడు క్యాలెండర్లు. నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో డెడ్‌లైన్ తప్పింది కూడా కోడ్ వల్ల కాదు, ఇలా క్యాలెండర్లు కలవకే.

ఇక గండి పడ్డ రోజు సంగతి. 2024 సెప్టెంబర్ 1న, కుండపోత వానల్లో, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాల్వకి గండి పడింది. అదే వానకి కోదాడ కూడా మునిగింది. గండి ఒకటే, కానీ చెప్పాల్సిన మాటలు కనీసం మూడు. గండి కింద ఊళ్లవాళ్లకి: ముందు బయటికి రండి. దిగువన ఖమ్మం వైపు వాళ్లకి: మీకు ఇన్నాళ్లు నీళ్లు రావు. ఎగువ సిబ్బందికి: గేట్లు దించండి. పైగా పైన గేటు మూసినంత మాత్రాన, అప్పటికే కాల్వలో ఉన్న నీళ్లు మాయం కావు, వస్తూనే ఉంటాయి. ముగ్గురికీ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే ఎవరికీ పనికి రాదు. అందుకే పెద్ద అవుటేజ్‌లలో రిపేర్ చేసే మనిషిని, అందరికీ సమాధానం చెప్పే మనిషిని వేరువేరుగా పెట్టుకునే అలవాటు సాఫ్ట్‌వేర్ టీముల్లో ఉంది. గండి పూడ్చేవాడి చేతిలో ఫోన్ పెట్టి "ఈటీఏ ఎంత?" అని ఐదు నిమిషాలకోసారి అడిగితే గండి అట్లనే ఉంటుంది.

కాల్వ మీద లష్కర్ అని ఒకాయన ఉంటాడు. గట్టు వెంట తిరుగుతూ తూములు చూసేది ఆయనే. ఊళ్లో ఎవరికి డౌటొచ్చినా "లష్కర్‌నడుగు" అంటారు. మన టీముల్లో ఆ పని ఎక్కువగా టెస్టర్ చేస్తుంటాడు, పాపం ఎవరూ అడగకుండానే. ఆయన్ని మీటింగులకి పిలవకపోవడం మాత్రం మనకి బాగా అలవాటు.

నీటిపారుదల ఇంజినీర్ల దగ్గర 'టెయిల్ టు హెడ్' అనే మాట ఉంది. ముందు చివరి పొలాలకి అందించి, తర్వాత పైకి రావడం. మా టీమ్‌లో రిలీజ్ మెసేజ్ ఇప్పుడు అలాగే రాస్తున్నాం. మొదటి డ్రాఫ్ట్ సపోర్ట్‌కి వెళ్తుంది, మేనేజర్‌కి ఆఖర్న. పోయిన నెల "వెర్షన్ 4.2 లైవ్" అనే బదులు ఇలా పంపాం: "సోమవారం పదింటి నుంచి డీలర్లకి కొత్త బిల్లు కనిపిస్తుంది. పాత బిల్లు ప్రింట్ శుక్రవారం దాకా వస్తుంది. తేడా వస్తే నాకు ఫోన్ చేయండి."

పది నిమిషాల్లో సపోర్ట్ అమ్మాయి రిప్లై: "అన్నా, కోదాడలో ఇద్దరు డీలర్లు పాత బిల్లు మీద సంతకం పెట్టించుకుంటేనే సరుకు దించుతారు. శుక్రవారం తర్వాత వాళ్ల సంగతేంటి?"

రిలీజ్‌కి ఇంకా నాలుగు రోజులుంది.