మావారి పాత కంప్యూటరు

కుట్టుమిషను మొరాయించిన నేమి చేయవలెనో, గ్రైండరు రాయి అరిగిన నెవరిని పిలువవలెనో మనకు దెలియును. ఇంటి మూల బల్లపైనుండు కంప్యూటరు మాట వచ్చునప్పటికి మాత్రము “అది వారి వస్తువు, మనకేల?” యని తొలగిపోవుచుందుము. మీలో ననేకులు కార్యాలయములలో దినమంతయు కంప్యూటరు ముందే కూర్చుండువారని యెఱుగుదుము. అయినను ఇంటి పెట్టెను విప్పి చూచినవా రెందఱు? మేమును నిన్న మొన్నటివఱకు చూడలేదు. ఈ యేడు మా చీటీపాటలో వచ్చిన 60,000 రూపాయలును దానికే వ్యయమైనవి. అందు కొంత వృథా యైనది. ఆ వృథాలో మా తప్పును గలదు గనుక దాచక వ్రాయుచున్నాము.

మావారు దీనిని 2014లో కొనిరి. ఇంటెల్ నాలుగవ తరపు ఐ5 ప్రాసెసరు, 8 జి.బి. ర్యామ్, 500 జి.బి. హార్డు డిస్కు; ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు లేదు. ఆ దినములకది మంచి యంత్రమే. దానిపై వారు రెండు పనులు చేయుచుండిరి. ఇంటి వేడుకల వీడియోలను కత్తిరించి కూర్చుట యొకటి. ఆదివారము ఉదయమున కౌంటర్ స్ట్రైక్ అను తుపాకుల యాట రెండవది. మాకు సికిందరాబాదులో ఆదివారము తెల్లవాఱునప్పటికి డల్లాసులోని మా మరదికి శనివారము సాయంకాలము. నలుబది దాటిన యన్నదమ్ము లిరువురు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని “అటు చూడు, తలుపు వెనుక!” అని కేకలు వేయుచుండగా, కాఫీ చల్లారిపోవుచుండగా, మాకు కలిగిన చిరాకు ఇంతింత కాదు.

2023 సెప్టెంబరు 27వ తేదీన ఆ యాట పాత రూపు పోయి క్రొత్త రూపు వచ్చెను. పాతదానికి 2 జి.బి. ర్యామ్, 15 జి.బి. చోటు చాలెడిది. క్రొత్తదానికి తక్కువలో తక్కువ 8 జి.బి. ర్యామ్, 85 జి.బి. చోటు కావలెను. మా పెట్టెపై నది నత్తనడక నడచెను. మూడు వారములు చూచి మావారు మానివేసిరి. మేము సంతసించితిమి కూడ!

కొన్ని మాసములు గడచిన పిదప నొక సంగతి కనిపెట్టితిమి. అన్నదమ్ముల ఫోను మాటలు రెండు నిమిషములకు మించుటలేదు. “బాగున్నావురా?” “బాగున్నాను. అమ్మ యెట్లున్నది?” అంతటితో సరి. ఇంటి ఋణము, పిల్లల చదువు, మామగారి మోకాళ్ల నొప్పి, ఇవన్నియు వారు తుపాకుల నడుమనే మాటలాడుకొనెడివారని మా కప్పటికి గాని తోచలేదు. ఎదురెదురుగ కూర్చుండి మనసు విప్పలేని పురుషులు ప్రక్కప్రక్కన నేదో పని చేయుచు విప్పుదురు కాబోలు.

గత సంవత్సరము మామగారు స్వర్గస్థులైరి. మరది సమయమునకు రాలేకపోయెను. మాఘమాసమున సంవత్సరీకమునకై, మామగారు మనుమలకు కథలు చెప్పుచుండగా మేము తీసిన వీడియోలన్నిటిని కూర్చి యొక్కటిగా చేయుమని యతడు అన్నగారిని కోరెను. అవి యన్నియు నా హార్డు డిస్కునందే యున్నవి. అప్పుడే ఆ డిస్కు టిక్కుటిక్కుమని శబ్దము చేయ నారంభించెను.

కావున మొదటి మాట యిది: పెట్టెకు స్క్రూ డ్రైవరు తాకించుటకు ముందు లోపలి ఫొటోలు, వీడియోలు వేఱొక చోటికి నకలు తీసికొనవలెను. ఒక నకలు చాలదు. బయటి డిస్కుపై నొకటి, ఇంటిలో గాక మఱియొక చోట నొకటి యుండవలెను. మేము రెండవదానిని మా పుట్టినింట నుంచితిమి. శబ్దము చేయు డిస్కును మాటిమాటికి త్రిప్పుట ప్రమాదము గనుక మావారు ముఖ్యమైన వాటినే ముందుగా తీసిరి. మూడు వీడియోలు తెఱచుకొనలేదు. అందొకదానిలో మామగారు మా చిన్నవానికి గాలిపటము కట్టుట నేర్పుచున్నారు. ఆ నకలేదో ఆఱు నెలల క్రిందటనే తీసియుండిన...!

ఇక జబ్బు నిర్ణయము. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కిన విండోసులో టాస్కు మేనేజరు తెఱచుకొనును. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు ఇవి నూటికి నెంతవంతు పని చేయుచున్నవో అందు కనబడును. కూరలో కొఱత ఉప్పా, పులుపా యని రుచి చూడక అన్నియు గుమ్మరించువారు లేరు గదా! మా పెట్టె నత్తవలె నడచునపుడెల్ల డిస్కు అంకె 100 వద్ద నిలిచియుండెను. హార్డు డిస్కు సెకండునకు నూఱు, నూటయేబది మెగాబైట్లను చదువును. సాటా రకపు ఎస్.ఎస్.డి. అయిదు వందలకు పైగా చదువును, ఎన్.వి.ఎం.ఇ. రకపుది మూడువేలు దాటును. పాత యంత్రము గలవారు ఒక్క వస్తువే కొనగలిగినచో ఎస్.ఎస్.డి. కొనుడని మా సలహా. మఱి దేనివలనను అంత తక్కువ సొమ్ముతో నంత మార్పు రాదు.

వీడియోల ఇబ్బందికి మఱియొక కారణము గలదు. ఆ వీడియోలు మరది తెచ్చియిచ్చిన ఐఫోనుతో తీసినవి. 2017 నుండి ఆ ఫోనులు హెచ్.ఇ.వి.సి. అను పద్ధతిలో వీడియోలను గట్టిగా మడిచి చిన్న చోటులో నుంచుచున్నవి. పట్టుచీర మడతను విప్పుటకు ఓపిక గల చేతులు కావలసినట్లు, ఈ మడతను విప్పుటకు తగిన యంత్రాంగము ప్రాసెసరులో గాని గ్రాఫిక్సు కార్డులో గాని యుండవలెను. 2013 నాటి తరములో నది సరిగా లేదు. దీనికి కాసు వ్యయములేని యుపాయ మొకటి యున్నదని మావారు కనుగొనిరి. డావించి రిసాల్వ్ వంటి సాఫ్ట్‌వేరులో ప్రాక్సీ యను ఏర్పాటు గలదు. పెద్ద వీడియోకు తేలికయైన చిన్న నకలు తీసి, కత్తిరించుట, అతుకుట దానిపై చేసికొని, తుదకు అసలు వీడియోతోనే పూర్తిచేయవచ్చును. సంవత్సరీకపు చిత్రమంతయు పాత పెట్టెమీదనే యీ విధముగా తయారైనది. చివరి ప్రతి వెలువడుటకు మాత్రము రాత్రియంతయు పట్టెను. ఎడిటింగునకే సొమ్ము కావలెనని మీ యింట నెవరైన ననిన ముందీ యుపాయము చేసి చూడుమనుడు.

అట్లయిన 60,000 రూపాయలు దేనికని మీ రడుగవచ్చును. సత్యము చెప్పవలెనన్న, ఆటకొఱకే. “ఈ వయస్సులో ఆటలకా?” యని మావారే వెనుకాడిరి. చీటీ సొమ్ము తీసి బల్లపై నుంచినది మేము.

ఇక మేము చేసిన తప్పు. పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కంప్యూటరు దుకాణములు బారులు తీరియుండును. మరది ఫోనులో చెప్పిన పెద్ద కార్డును, మూడు పంకాలు గలదానిని, వాడినదే చవుకగా వచ్చుచున్నదని మేమే తొందరపెట్టి యొక దుకాణమున కొనిపించితిమి. ఇంటికి తెచ్చి చూడగా నది పెట్టెలో పట్టలేదు! డిస్కులుంచు చట్రము అడ్డు వచ్చినది. కుట్టుపని టేపుతో నొకమారు కొలిచియుండిన తెలిసిపోయెడిది. పట్టినను ప్రయోజనము లేదు. దానికి వేఱుగ విద్యుత్తు తీగ కావలెను, మా పాత పవర్ సప్లైకి అట్టి తీగయే లేదు. కార్డు దూరు గాడి 75 వాట్లకు మించి యీయజాలదు. అంతకెక్కువ తిను కార్డులన్నియు పవర్ సప్లైనుండి వేఱుగా తీగ నడుగును. దుకాణదారుడు 2,000 రూపాయలు తగ్గించుకొని తిరిగి తీసికొనెను. మా చీరల దుకాణము వారైన నంత తగ్గించుకొనరు.

పెట్టె విప్పినపుడే మఱియొక సంగతి తెలిసెను. పాత మదర్ బోర్డుపై నాలుగవ తరము ప్రాసెసరే గాని క్రొత్తది కూర్చుండదు. అందలి ర్యామ్ డి.డి.ఆర్.3, నేటి ర్యామ్ పలకల గంటు వేఱుచోట నుండుటచే నవి దూరవు. విండోసు 10కి మైక్రోసాఫ్టువారి మామూలు సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11కు ఇంటెల్ ప్రాసెసరులలో సామాన్యముగా ఎనిమిదవ తరము మొదలుకొని వారు అంగీకరింతురు. బ్యాంకు లావాదేవీలు చేయు యంత్రమున నిది తేలికగా తీసికొన దగినది కాదు. ఇట్టి స్థితిలో పాత బోర్డుపై సొమ్ము పోయుట చిల్లికుండలో నీళ్లు పోయుటయే.

అందువలన బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడును మార్చితిమి. 2022లో వచ్చిన ఐ5-12400 తీసికొంటిమి. పాతదానిలో పనివాండ్రు నలుగురైన ఇందు ఆఱుగురు. డి.డి.ఆర్.4 ర్యామ్ 16 జి.బి. పలక యొకటి వేసి రెండవ గాడి ఖాళీగా విడిచితిమి. 2025 చివరనుండి ర్యామ్ ధరలు మండిపోవుచుండుటయే యిందులకు హేతువు. కృత్రిమ మేధకై కట్టు డేటా సెంటర్లు మెమొరీ నంతయు మ్రింగుచున్నవట. ఆ సెగ మన వంటింటి చీటీ సొమ్మునకును తగిలినది. గ్రాఫిక్సునకు ఆర్.టి.ఎక్స్. 3050, 6 జి.బి. రకము. ఇది 70 వాట్లే తినును. చిన్నది గనుక పాత క్యాబినెట్టులోనే యొదిగినది. ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి. యొకటి. పవర్ సప్లై మాత్రము మంచి పేరుగలది, 550 వాట్లది కొంటిమి. దాని పని కంటికి కనబడదు గనుక అందఱు నక్కడనే పిసినారితనము చూపుదురు. నాసిరకపుది పాడగుచు ప్రక్కవాటిని గూడ చెఱుపవచ్చును.

దుకాణమున కుఱ్ఱవాడు రంగురంగుల దీపములు వెలుగు పంకాలను, అద్దపు క్యాబినెట్టును చూపి చాల ఆశపెట్టెను. దీపావళికి మాకు ప్రమిదలు చాలునంటిమి. మానిటరు, కీబోర్డు, క్యాబినెట్టు పాతవే. మూలల పేరుకొన్న పదునొకం డేండ్ల దుమ్మును పెయింటు బ్రష్షుతో మేమే తుడిచితిమి. ముందుగా తీగను ప్లగ్గునుండి తీసి, చేతితో ఇనుప చట్రమును తాకి, ఒంటి పట్టుచీర మార్చుకొని యీ పని చేయవలెను. బట్టల రాపిడికి పుట్టు విద్యుత్తు ఆ సున్నితపు పలకలకు శత్రువు.

టిక్కుటిక్కుమను పాత డిస్కును మావారు పాఱవేయనీయలేదు. గాలిపటపు వీడియోను వెలికితీయువా రెవరైన దొరకుదురేమో యని బీరువాలో చీరల నడుమ దాచినారు. అట్టి పని చేయువారి వద్ద కింకను పోలేదు.

మొన్నటి ఆదివారము మరల హెడ్‌ఫోనులు బయటికి వచ్చినవి. ఆట సాఫీగా నడచెను. ఒక గంటకు కేకలు తగ్గి, మాటలు మెల్లనై, మావారు కండ్లజోడు తీసి తుడుచుకొనుచుండగా చూచి మేము వంటింటిలోనికి పోయితిమి. మా అత్తగారు మాత్రము కుర్చీ జరుపుకొని కొడుకు ప్రక్కనే కూర్చుండిరి. తెరపై నెవరు చచ్చినను, ఎవరు బ్రతికినను వారికి పట్టదు. “వాడు అన్నము తిన్నాడో లేదో అడుగరా ముందు,” అనుచు మావారి చెవినుండి హెడ్‌ఫోను లాగుచుండిరి.