కోచ్‌ను మారిస్తే స్కోరు మారుతుందా?



మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు ఉంటే సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య ఏదైనా శనివారం ఫోన్ చేసి చూడండి. "ఇవాళ మ్యాచ్ ఉంది, తర్వాత మాట్లాడతా" అనే జవాబు రావచ్చు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆడేది యూనివర్సిటీ విద్యార్థులే అయినా చూడడానికి ఊరికి ఊరే కదిలి వస్తుంది. టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ స్టేడియంలో లక్షా రెండు వేల మందికి పైగా కూర్చోవచ్చు. అక్కడి విద్యార్థులు మాత్రం కూర్చోరు. మైదానంలో పదకొండు మంది ఆడుతుంటే పన్నెండో ఆటగాళ్లం మేమేనంటూ మ్యాచ్ ముగిసేదాకా నిలబడే ఉంటారు. 1922 నాటి ఒక మ్యాచ్‌తో మొదలైన సంప్రదాయం అది.

అంత ప్రేమ ఉన్నచోట ఓడిపోతే కోపమూ అంతే ఉంటుంది. ఆ కోపం దాదాపు ఎప్పుడూ కోచ్ మీదికే మళ్లుతుంది. ఆ కథ మనకెందుకు అంటారా? ఫీజు కట్టే తల్లిదండ్రులం, టికెట్ కొన్న అభిమానులం, మనిద్దరి ఆలోచనా ఒకలాగే నడుస్తుంది. డబ్బు పెట్టాం కాబట్టి ఫలితం కావాలి, అదీ ఈ సీజన్‌లోనే కావాలి.

ఆ యూనివర్సిటీనే చూడండి. 2017 చివర్లో జింబో ఫిషర్ అనే కోచ్‌ను పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు. ఆయన అంతకుముందు ఫ్లోరిడా స్టేట్‌ను జాతీయ విజేతగా నిలిపినవారు. 2020లో జట్టు 9 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది, దేశంలో నాలుగో ర్యాంకు వచ్చింది. ఆ సంబరంలో మరుసటి ఏడాది ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించారు. 2022లో మాత్రం 5 గెలిచి 7 ఓడారు. సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడడాన్ని అభిమానులు జీర్ణించుకోలేకపోయారు. చివరికి 2023 నవంబరు 12న ఆయన్ను తొలగించారు. అంతకు ముందు రోజే జట్టు 51-10తో ఘనంగా గెలిచింది, అయినా లాభం లేకపోయింది. మిగిలిన ఒప్పందం కింద ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది సుమారు 7.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో 600 కోట్ల రూపాయలకు పైమాటే.

అభిమానులది తప్పని నేను అనను. అంత జీతం తీసుకున్నవారిని ఫలితం అడగడం న్యాయమే. నా ప్రశ్న వేరు. ఈ మార్పు ఖరీదు ఎవరు కట్టారు? కోచ్‌కు డబ్బు ముట్టింది. అభిమానులకు కొత్త ఆశ దొరికింది. సీజన్ మధ్యలో తమను ఎంచి తెచ్చిన గురువు వెళ్లిపోయింది మాత్రం పంతొమ్మిది, ఇరవై ఏళ్ల ఆటగాళ్లకు. కొత్త కోచ్ వస్తే కొత్త వ్యూహాలు, కొత్త భాష, కొత్త అంచనాలు. నేర్చుకున్నదాంట్లో చాలాభాగం వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి. కాలేజీలో వాళ్లకు ఉండేదే నాలుగైదేళ్లు.

నెబ్రాస్కా యూనివర్సిటీది ఇంకా పెద్ద పాఠం. 1962 నుంచి ఆ స్టేడియంలో ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడైపోతూనే ఉన్నాయి, అంత గట్టి అభిమానం. 2003లో 9 గెలిచి 3 ఓడిన సీజన్ తర్వాత అక్కడ ఫ్రాంక్ సోలిచ్‌ను తొలగించారు. ఆరేళ్లలో ఆయన లెక్క 58 గెలుపులు, 19 ఓటములు. ఇంకా బాగా ఆడాలన్నదే కారణం. ఆ తర్వాత వచ్చిన నలుగురు కోచ్‌లనూ ఒకరి తర్వాత ఒకరుగా పంపించేశారు. నాలుగో ఆయన స్కాట్ ఫ్రాస్ట్ అదే యూనివర్సిటీ పూర్వ విద్యార్థి, 1997 విజేత జట్టులో ఆడినవాడు. 2022లో తొలగించేనాటికి ఆయన లెక్క 16 గెలుపులు, 31 ఓటములు. సోలిచ్ హయాంలో 1999లో గెలిచిన కాన్ఫరెన్స్ టైటిలే ఆ జట్టుకు ఇప్పటికీ చివరిది. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు.

దీనికి ఎదురుగా వర్జీనియా టెక్‌ను పెట్టి చూడండి. ఫ్రాంక్ బీమర్ 1987లో కోచ్‌గా తొలి సీజన్‌లో 2 గెలిచి 9 ఓడారు. ఆరో ఏట కూడా గెలిచింది రెండే. ఆరేళ్లకు కలిపి 24 గెలుపులు, 40 ఓటములు, 2 డ్రాలు. ఇవాళైతే రెండో ఏటే సాగనంపేవారు. యూనివర్సిటీ ఆయన్ను ఉంచింది. అలాగని ఊరుకోలేదు. సహాయక కోచ్‌ల బృందంలో మార్పులు చేయాలని గట్టిగా చెప్పింది, ఆయన చేశారు. 1993లో 9 మ్యాచ్‌లు గెలిచారు. అప్పటినుంచి ఆయన రిటైరైన 2015 దాకా వరసగా 23 ఏళ్లు ఆ జట్టు సీజన్ చివర బౌల్ మ్యాచ్‌లకు అర్హత సాధించింది. 1999 సీజన్‌లో జాతీయ ఫైనల్ కూడా ఆడింది.

ఇది ఒక్క జట్టు అదృష్టం అనుకోవచ్చు. 1997 నుంచి 2010 వరకు జరిగిన కోచ్ మార్పులను ముగ్గురు రాజనీతి శాస్త్ర పరిశోధకులు లెక్కగట్టారు. ఒకే స్థాయి జట్లలో కోచ్‌ను మార్చినవాటినీ, మార్చనివాటినీ పోల్చారు. బాగా వెనకబడ్డ జట్లలో మార్పు వల్ల పెద్ద తేడా కనిపించలేదు. ఓ మోస్తరుగా ఆడే జట్లలోనైతే మార్చినవే తర్వాతి ఏళ్లలో వెనకబడ్డాయి.

మార్పు ఎప్పుడూ పనిచేయదని కాదు. ఇండియానా యూనివర్సిటీ 2023లో 3 గెలిచి 9 ఓడింది. కోచ్‌ను మార్చింది. 2024లో 11 గెలిచి 2 మాత్రమే ఓడింది. కాబట్టి "మార్చాలా, వద్దా" అన్న ప్రశ్న కంటే "ఏం చూసి మార్చాలి" అన్నది ముఖ్యం. స్కోరు బోర్డు ఒక్కటే చూస్తే బీమరూ చెడ్డ కోచే.

ఇక మన సంగతి. నేనూ మీలాగే టర్మ్ ఫీజు కట్టే తండ్రిని. రెండు వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గగానే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "మ్యాథ్స్ సార్‌ను మార్చమందాం" అనే మెసేజ్ ఒకటి వస్తుంది. దాని కింద ఇరవై బొటనవేళ్లు లేస్తాయి. నవంబరులో పదో తరగతికి సార్ మారితే ఖరీదు కట్టేది మనం కాదు, స్కూలూ కాదు. కొత్త సార్ చెప్పే పద్ధతికి అలవాటు పడేలోపు ప్రీఫైనల్ రాయాల్సిన పిల్లలు.

ఇంకో నష్టం కూడా ఉంది. మనం ఫోన్‌లో మాట్లాడేదంతా పిల్లలు వింటూనే ఉంటారు. "సార్ బాగాలేకే నాకు మార్కులు రాలేదు" అనే సాకు వాళ్లకు మనమే అందిస్తున్నాం. అంతకన్నా భయపెట్టే మాట కూడా వాళ్ల చెవిన పడుతుంది: రెండు టెస్టులు పోతే మనిషినే తీసేస్తారు. ఆ మాటను పిల్లలు సార్‌కే వర్తింపజేసి ఊరుకోరు, తమకూ వర్తింపజేసుకుంటారు. తర్వాతి ప్రోగ్రెస్ కార్డు దాచిపెట్టేది అందుకే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లేముందు నాలుగు ప్రశ్నలు రాసుకోండి. పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతున్నారా? మా పాప భయపడకుండా డౌట్ అడగగలుగుతోందా? పోయిన నెల చేసిన తప్పుల్లో ఈ నెల ఏవి తగ్గాయి? మార్కులు ఎందుకు తగ్గాయో ఆ టీచర్ తన మాటల్లో చెప్పగలరా? జవాబులు సరిగా ఉంటే మార్కులు కొంచెం ఆలస్యంగానైనా వస్తాయి, ఓపిక పట్టండి. జవాబులు సరిగా లేకపోతే బీమర్ విషయంలో చేసినట్టు ఏం మార్చుకోవాలో స్పష్టంగా చెప్పమనండి, గడువు అడగండి.

పిల్లలను కొట్టడం, అవమానించడం, క్లాసులు ఎగ్గొట్టడం, సిలబస్ వదిలేయడం లాంటివి ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. నేరుగా ప్రిన్సిపాల్ గదికే వెళ్లండి. యాజమాన్యానికి కూడా ఒక మాట. ఏడాది మధ్యలో టీచరును మార్చక తప్పకపోతే ఎందుకు మారుస్తున్నారో ముందుగా మాకు చెప్పండి. పాత టీచరు, కొత్త టీచరు కనీసం ఒక వారం కలిసి పాఠం చెప్పేలా చూడండి. అడిగే హక్కు మాకుంది, జవాబు చెప్పే బాధ్యత మీకుంది.