సబర్ చేయమనే ముందు



ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తాను, ఓపికగా చదవండి. మన సంఘం వాట్సాప్‌లో ఎవరింట్లో చావు జరిగినా, జబ్బు చేసినా, వ్యాపారం మునిగినా గంటలో యాభై మెసేజీలు వచ్చేస్తాయి. ముస్లిం ఇల్లయితే "అల్లా పరీక్ష, సబర్ చేయండి" అని పెడతారు. హిందూ ఇల్లయితే "అంతా కర్మ, ఎవరేం చేయగలరు" అంటారు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి మన పని అయిపోయింది అనుకుంటాము.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విశ్వాసికి వచ్చే కష్టం వెనక అల్లాకు ఒక ఉద్దేశం ఉంటుందని నేను నమ్ముతాను. కానీ పక్కింటి కష్టానికి ఆ ఉద్దేశం ఏమిటో చెప్పే అధికారం ఇస్లాం నాకూ ఇవ్వలేదు, మీకూ ఇవ్వలేదు. మనకు వేరే పని అప్పగించింది. ఆ పని చేయకుండా సబర్ మాట ఒక్కటే చెప్పి వచ్చేస్తే మన బాధ్యత తీరదు.

నేను ఆలింను కాదు. దూదేకుల ఇంట్లో పుట్టిన రైల్వే గుమాస్తాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మసీదులో అరబ్బీ. ఖురాన్ అర్థం మొదట తమిళంలో చదివినాను, రిటైరయినాక తెలుగులో కూడబలుక్కుని చదివినాను. ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు, హిందూ పండితులు. కాబట్టి ఈ సంగతులు మన హిందూ సభ్యులకు పరాయివని నేను అనుకోను.

మొదట పరీక్ష సంగతి. అది ఖురాన్‌లో ఉన్న మాటే. భయంతో, ఆకలితో, ఆస్తి నష్టంతో, ప్రాణనష్టంతో, పంట నష్టంతో పరీక్షిస్తామని రెండో సూరా 155వ ఆయత్‌లో ఉంది. ఓర్చుకున్నవాళ్ళకు శుభవార్త కూడా అక్కడే ఉంది. నమ్మినాము అని నోటితో అన్నంత మాత్రాన పరీక్ష లేకుండా వదిలేస్తారా అని 29వ సూరా మొదట్లోనే అడుగుతుంది. ముల్లు గుచ్చుకున్నా ఆ నొప్పికి బదులుగా విశ్వాసి పాపం కొంత తొలగుతుందని హదీసు ఉంది. అందరికన్నా పెద్ద పరీక్షలు ప్రవక్తలకే వస్తాయని ఇంకో హదీసు.

మన ప్రవక్త (స) జీవితమే చూడండి. పుట్టకముందే తండ్రి లేడు. ఆరేళ్ళకు తల్లి పోయింది. 619లో భార్య ఖదీజా, పెంచిన పెదనాన్న అబూ తాలిబ్ ఒకే సంవత్సరంలో పోయినారు. తాయిఫ్ ఊరికి పోతే రాళ్ళతో కొట్టి తరిమినారు. కన్నబిడ్డలలో ఫాతిమా ఒక్కతే ఆయన తరువాత బతికింది, మిగతా అందరూ ఆయన బతికి ఉండగానే పోయినారు. కష్టం దేవుని కోపానికి గుర్తు అనుకుంటే ఈ జీవితానికి ఏం అర్థం చెప్తాము?

ఇక్కడిదాకా మన జమాత్‌లో అందరికీ తెలుసు. దీని తరువాత ఉన్నదాన్నే మనం సరిగ్గా పట్టించుకోము.

89వ సూరా, అల్ ఫజ్ర్ తీసుకోండి. డబ్బు, గౌరవం వచ్చినప్పుడు మనిషి, దేవుడు నన్ను గౌరవించినాడు అంటాడు. రాబడి తగ్గినప్పుడు, దేవుడు నన్ను అవమానించినాడు అంటాడు. ఖురాన్ ఈ రెండు లెక్కలూ తప్పు అని కొట్టేస్తుంది. వెంటనే మాట ఎక్కడికి తిప్పుతుందో చూడండి. మీరు అనాథను ఆదరించడం లేదు, పేదవానికి అన్నం పెట్టమని ఒకరికొకరు చెప్పుకోవడం లేదు అంటుంది. అంటే కష్టం పడేవాని పరీక్ష గురించి మనం మాట్లాడుతూ ఉంటే, అల్లా మన పరీక్ష గురించి మాట్లాడుతున్నాడు. పరీక్ష హాలులో ఇద్దరు కూర్చున్నారు, కష్టం వచ్చినవాడు ఒకడు, చూస్తున్నవాడు ఇంకొకడు. చూసేవాడు తన పేపరు రాయకుండా పక్కవాని పేపరు దిద్దుతున్నాడు.

రెండోది, సబర్ అంటే ఏడవకూడదని కాదు. ప్రవక్త (స) కొడుకు ఇబ్రాహీం రెండేళ్ళు కూడా నిండకుండా మదీనాలో చనిపోయినాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. మీరు కూడానా అని పక్కన ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోతే, ఇది దయ అని చెప్పినారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. పసిబిడ్డ చనిపోయినందుకే గ్రహణం అని జనం అనుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఒకరి చావుకో పుట్టుకకో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని తేల్చి చెప్పినారు. తన ఇంటి దుఃఖానికే ఆకాశంలో అర్థం వెతకనివ్వని మనిషి ఆయన. మనం మాత్రం ఎదురింటి యాక్సిడెంటుకు కూడా కారణం చెప్పేస్తాము.

యాకూబ్ ప్రవక్త కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు. తనది అందమైన సబర్ అని చెప్పుకున్నది కూడా ఆయనే. రెండూ ఒకే సూరాలో, 12వ సూరాలో ఉన్నాయి. అయ్యూబ్ ప్రవక్త నాకు బాధగా ఉంది అని అల్లాకే మొరపెట్టుకున్నాడు. అది ఫిర్యాదు అని అల్లా కోపగించుకోలేదు, బాధ తీసేసినాడు.

మూడోది, సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఖలీఫా ఉమర్ (ర) షామ్ దేశానికి పోతూ ఉంటే అక్కడ ప్లేగు ఉందని దారిలో తెలిసింది. పెద్దలతో ఆలోచించి వెనక్కు తిరిగినారు. అల్లా రాసిన రాత నుంచి పారిపోతారా అని అబూ ఉబైదా అడిగినారు. అవును, అల్లా రాత నుంచి అల్లా రాతకే పోతున్నాము అన్నారు ఉమర్. ఒంటెలను ఎండిన గట్టున మేపినా, పచ్చటి గట్టున మేపినా రెండూ అల్లా రాతే కదా అని వివరించినారు. కాబట్టి ఆసుపత్రికి పోవడం, కోర్టుకు పోవడం, రావలసిన డబ్బు అడగడం, ఇవి ఏవీ సబర్‌కు వ్యతిరేకం కావు. "ఓర్చుకోమ్మా, కేసు ఎందుకు" అని ఆడబిడ్డలకు చెప్పే పెద్దలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి ఉద్దేశం సంగతి? 18వ సూరాలో మూసా ప్రవక్త ఒక జ్ఞానితో ప్రయాణం చేస్తాడు. ఆ జ్ఞాని పేదవాళ్ళ పడవకు చిల్లు పెడతాడు. మూసా తట్టుకోలేక ఎందుకు అని అడుగుతాడు. ముందు ఒక రాజు బాగున్న పడవలన్నీ లాక్కుంటున్నాడు, చిల్లు ఉంటే ఈ పడవ మిగులుతుంది అని చివర్లో తెలుస్తుంది. కష్టం వెనక ఉద్దేశం ఉందని ఈ కథతో చెప్తారు, నిజమే. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మూసా అంతటి ప్రవక్తకే చెప్పేదాకా కారణం తెలియలేదు. మనకు ఎవరు చెప్పినారు?

మా పెద్దలు ఇంకో మాట చెప్పేవాళ్ళు. దూదిని ఏకితేనే మెత్తన అవుతుంది, మనిషీ అంతే అని. మా నాయన విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టినాడు. ఫోము పరుపులు వచ్చి ఆ పని పోయేదాకా అదే పని. ఆ మాటలో నిజం ఉంది. కష్టంతో మెత్తబడినవాళ్ళను చూసినాను, కష్టంతో రాయి అయినవాళ్ళను కూడా చూసినాను. ఏ దూదిని ఎంత ఏకాలో విల్లు పట్టినవానికి తెలుసు. ఆ విల్లు మన చేతిలో లేదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నాగపట్టణం జిల్లాలోనే ఆరు వేలకు పైగా పోయినారు. నాగూరు దర్గా, వేళాంగణ్ణి చర్చి, గుడులు అన్నీ ఉన్న తీరం అది. సముద్రం ఎవరినీ మతం అడగలేదు. ఎవరి పాపం అని చర్చలు జరుగుతూ ఉంటే, కొంచెం ఉత్తరాన పరంగిపేటలో ముస్లిం జమాత్ వాళ్ళు పక్క గ్రామాల హిందూ జాలరులకు చోటిచ్చి అన్నం పెట్టినారు. ఇస్లాంలో కష్టానికి అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు పరంగిపేట పేరు చెప్తాను.

ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. "అల్ అస్ర్ సూరాలో ఒకరికొకరు సబర్ బోధించుకోమని ఉంది కదా, మీరు వద్దంటారా?" అని. వద్దనను. కానీ అదే మాట 90వ సూరా, అల్ బలద్‌లో కూడా వస్తుంది. అక్కడ ఎక్కవలసిన నిటారు దారి ఏమిటని అడిగి, బానిసను విడిపించడం, ఆకలి రోజున దగ్గరి అనాథకు, మట్టిలో పడి ఉన్న పేదకు అన్నం పెట్టడం అని చెప్తుంది. ఆ తరువాతే విశ్వాసం, సబర్ బోధించడం, దయ బోధించడం. సబర్ పక్కనే దయను కూర్చోబెట్టినాడు అల్లా. మనం సబర్‌ను ఒక్కదాన్నే తీసుకుపోతున్నాము.

ముఅతా యుద్ధంలో జాఫర్ చనిపోయిన కబురు మదీనాకు వచ్చినప్పుడు ప్రవక్త (స) ఏం చెప్పినారు? జాఫర్ ఇంటివాళ్ళకు వంట చేసి పంపండి, వాళ్ళు దుఃఖంలో ఉన్నారు అన్నారు. మన తెలుగు ఇళ్ళల్లో కూడా చావింట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్ళే అన్నం తెస్తారు. నేర్చుకోవడానికి కొత్తది ఏమీ లేదు, మరిచిపోకుండా ఉంటే చాలు. తీర్పు రోజున అల్లా, నేను జబ్బుపడితే చూడరాలేదు, అన్నం అడిగితే పెట్టలేదు అని అడుగుతాడని హదీసు ఉంది. ఫలానా జబ్బు మనిషిని నువ్వు చూడలేదు, అక్కడే నేను ఉన్నాను అంటాడట. వాట్సాప్‌లో చేతులు జోడించినావా అని అడుగుతాడని ఎక్కడా లేదు.

ఇంక నా అనుభవం నుంచి. నా సర్వీసులో చాలా ఏళ్ళు చనిపోయిన ఉద్యోగుల సెటిల్‌మెంటు పేపర్లు చూసినాను. భర్త పోయిన ఆడవాళ్ళు చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చి నిలబడతారు. సబర్ వాళ్ళ దగ్గర మనకన్నా ఎక్కువే ఉంటుంది. లేనివల్లా పేపర్లు. మన పేర్లతో ఇంకో తంటా. తమిళంలో "క", "ఖ" రెండింటికీ ఒకటే అక్షరం. బడి సర్టిఫికెట్టులో కాసిం, సర్వీసు పుస్తకంలో ఖాసిం, ఆధార్‌లో కాశిం. ముగ్గురూ ఒకరే అని నిరూపించేసరికి నెలలు పోతాయి. సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే మొదటి 10 ఏళ్ళు ఆఖరి మూల జీతంలో 50 శాతం, తరువాత 30 శాతం ఫ్యామిలీ పెన్షన్ ఉంది. అది ఉందని తెలియక చేతిగాజులు కుదువ పెట్టినవాళ్ళు ఉన్నారు. ఇద్దత్ అని 4 నెలల 10 రోజులు ఆమె ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఆమెకు పరీక్ష పెట్టినవాడు అల్లా అయితే, ఆ కాలంలో తాలూకా ఆఫీసుకు పోవలసినవాళ్ళం మనమే.

అందుకని కమిటీకి మూడు మాటలు.

ఒకటి, ఏ సభ్యుని ఇంట్లో చావు జరిగినా, ఏ మతమైనా, మూడు రోజులు సంఘం తరఫున అన్నం పోవాలి. ఏ వీధికి ఎవరు అని ముందే పట్టీ వేసుకుందాము.

రెండు, మరణ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, పెన్షన్, బ్యాంకు, ఇన్సూరెన్సు పేపర్లకు ఇద్దరు ముగ్గురు రిటైరయినవాళ్ళం కూర్చుంటాము. నా పేరు మొదట రాసుకోండి. పిల్లల చదువుకు జాతి సర్టిఫికెట్టు కూడా చూద్దాము. తమిళనాడు వెనుకబడిన ముస్లింల జాబితాలో దూదేకుల పేరు ఉంది, 3.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఇది మనలోనే చాలామందికి తెలియదు.

మూడు, సంఘం నిధిలో కొంత భాగం వడ్డీ లేని అప్పుగా ఇవ్వడానికి పక్కన పెట్టాలి. బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు, ఈ రెండింటికే. వార్షికోత్సవం భోజనంలో ఒక స్వీటు తగ్గిస్తే మొదలు పెట్టడానికి సరిపోతుంది.

ఇవి చేసిన తరువాత వాళ్ళ పక్కన కూర్చుని సబర్ గురించి మాట్లాడండి, తప్పు లేదు. అసలు చాలాసార్లు మనం చెప్పనక్కరలేదు. అన్నం గిన్నె తీసుకుని పోతే, "ఇది అల్లా పరీక్షే అన్నా, ఆయనే దాటిస్తాడు" అని వాళ్ళే అంటారు. ఆ మాట వాళ్ళ నోట వచ్చినప్పుడు దానికి ఉండే బరువు మన నోట వస్తే ఉండదు.

వచ్చే ఆదివారం కమిటీ మీటింగు ఉంది. ఈ మూడింటి మీద చర్చ పెట్టమని అధ్యక్షుల వారిని, కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, చదువుతాను. ఒప్పుకున్నవాళ్ళు బొటనవేలు బొమ్మ పెట్టకుండా, ఏ పని చేస్తారో రాసి కింద మీ పేరు పెట్టండి.