పంచతంత్రము: బాలురకా, పెద్దలకా?

మనము చదువకయే చదివితిమని తలచు పుస్తకములు కొన్ని గలవు. వానిలో పంచతంత్రము మొదటిది. దూలమునుండి మేకు నూడబెరికి ప్రాణము గోల్పోయిన కోతినిగాని, వలతోగూడ నెగిరిపోయిన పావురములనుగాని యెరుగని తెలుగువా డుండడు. అట్టి గ్రంథమును మరల తెరచి చూడుడని నలువదియేండ్ల గృహస్థునకు జెప్పినచో, పిల్లలకు కొనిపెట్టెద ననునేగాని తనకు గావలయు ననడు. మేమును నిన్నమొన్నటివరకు నట్టి గృహస్థులలోనివారమే.

గడచిన వర్షర్తువులో నొకనాటి సాయంకాలము పఠనమందిరమున జిక్కుకొంటిమి. వాన వెలియలేదు, ఆనాటి పత్రికలన్నియు జదువుట ముగిసినది. బీరువా క్రింది యరలో, పిల్లల పుస్తకములను చీటి యంటించిన వరుసలో, అట్ట యూడిన పంచతంత్ర మొకటి కనబడినది. కాలక్షేపమునకై చేతబట్టితిమి. మిత్రభేదము ముగియునప్పటికి వాన వెలిసినది; మేము మాత్రము లేవలేకపోతిమి. చిన్ననాట జదివినది ఈ గ్రంథమేనా యను సందేహము మమ్ము బాధించినది.

సమాధానము దూరమున లేదు. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రికను వెలువరించిరి. అందు మిత్రలాభ మిత్రభేదములు గలవు. విగ్రహ సంధులను తరువాత కందుకూరి వీరేశలింగము పంతులుగారు రచించిరి. సూరిగారి వచనము తరతరముల విద్యార్థులకు ఒజ్జబంతి యైనది. లోపము వారిది కాదు. ఆ వచనమును మనము ప్రతిపదార్థములుగా నరికితిమి, సంధులు విడదీయించితిమి, కథ తుద నొక నీతివాక్యము వ్రాయించి మార్కులు వేసితిమి. పరీక్ష ముగిసిననాడే పుస్తకము అటకెక్కినది. దమనకుని మాటలలోని సంధులను విడదీయగలిగిన బాలునకు, దమనకుడు చేసిన పని యెట్టిదో యోచించు తీరిక మన మీయలేదు.

అసలు ఈ గ్రంథ మెవరికొరకు బుట్టినది? గ్రంథాదియందే యుత్తర మున్నది. దక్షిణదేశమున మహిళారోప్యమను పట్టణము నేలు అమరశక్తికి మువ్వురు కుమారులు. మువ్వురును చదువునకు విముఖులు. ఎనుబదియేండ్ల విష్ణుశర్మ ఆరు నెలలలో వారిని నీతికోవిదుల జేయుదునని ప్రతినబూని కథ లారంభించెను. ఆ కుమారులు రేపు రాజ్య మేలవలసినవారు. వారికి గావలసిన నీతి అబద్ధమాడరాదనుటతో ముగియునది కాదు. నడిపించుట యను నర్థముగల ధాతువునుండి నీతిశబ్దము పుట్టినది. ఎవరిని నమ్మవలెను, ఎప్పుడు పోరవలెను, ఎప్పుడు పొత్తు గలుపుకొనవలెను, ఎవని హితవచనము వెనుక నెవని లాభము దాగియున్నది అనునవియే యిందలి విషయములు. ప్రజలే ప్రభువులైన కాలమున నాటి రాజకుమారుల పాఠము ప్రతి పౌరునిదియు నైనది.

మిత్రభేదమునే చూడుడు. వర్ధమానుడను వర్తకుడు విడిచిపోయిన సంజీవకమను నెద్దు, యమునాతీరమున పచ్చిక మేసి బలిసి రంకె వేయును. నీరు త్రాగవచ్చిన పింగళకమను సింహము ఆ ధ్వని విని భయపడును. భయము పైకి దెలియనీయక మర్రి క్రింద గూర్చుండును. కొలువు గోల్పోయిన మంత్రిపుత్రుడు దమనకుడను నక్క యా భయమును గనిపెట్టును. వాని పెట్టుబడి యంతయు నదియే. ఎద్దును దెచ్చి సింహమునకు మిత్రుని జేసి తానే పలుకుబడి సంపాదించును. ఆ మైత్రి తన కూటికి జేటు దెచ్చినపుడు తానే దానిని విరుచుటకు బూనుకొనును.

ఎట్లు విరిచెను? ఎద్దు నీ రాజ్యము గోరుచున్నదని సింహమునకు జెప్పెను. సింహము నిన్ను దినదలచినదని యెద్దునకు జెప్పెను. రేపు కలిసికొనునపుడు ఎదుటివాని చూపు, నిలుకడ పరీక్షించుడని యిరువురకు గురుతులు జెప్పెను. మరునాడు ఇరువురును జంకుచు వచ్చిరి. జంకుచున్న ప్రాణి కన్ను లెఱ్ఱబారును, ఒడలు బిగిసికొనును. ఒకని భయము రెండవవానికి ద్రోహముగా గనబడెను. నక్క చెప్పిన గురుతులన్నియు నిజమైనవి! నక్కయే వానిని నిజము చేసినది. ఎద్దు చచ్చెను, సింహము వగచెను, వగపు దీర్చిన దమనకుడు మంత్రి యయ్యెను. కథ ముగిసెను.

బాల్యమున మేమీ ముగింపును గుర్తింపలేదు. ఇందు దుష్టునకు శిక్ష లేదు. విష్ణుశర్మ మనల నోదార్చుటకు వ్రాయలేదు, హెచ్చరించుటకు వ్రాసెను. ఊరిలో రెండు వీధులు, పేటలో రెండు కులములు, ఇంటిలో ఇద్దరన్నదమ్ములు ఒకరి నొకరు అనుమానముతో జూచుకొను ప్రతిచోట ఈ కథ జరుగుచునే యున్నది. నడుమ మాటలు మోయువా డొకడుండును. వాని మాటకు సాక్ష్యము మన భయమే.

ఈ ముగింపును సహింపలేనివారు పూర్వమును గలరు. క్రీ. శ. 6వ శతాబ్దమున పారసీక చక్రవర్తి ఖుస్రూ అనూషిర్వాను కాలమున బుర్జోయ యను వైద్యుడు ఈ కథలను పహ్లవీ భాషలోనికి మార్చెను. మృతులను బ్రతికించు మూలికకై భారతదేశమునకు వచ్చి, మృతులనగా అజ్ఞులనియు మూలిక యనగా నీ గ్రంథమనియు దెలిసికొనెనని యొక కథ గలదు. 8వ శతాబ్దమున ఇబ్ను అల్ ముకఫ్ఫా దానిని కలీలా వ దిమ్నా యను పేర అరబ్బీ చేసెను. అరబ్బీ గ్రంథమున దిమ్నాను, అనగా మన దమనకుని, విచారించి శిక్షించు ప్రకరణ మొకటి అదనముగా గలదు. అది ఇబ్ను అల్ ముకఫ్ఫా చేర్చినదేయని పండితుల యభిప్రాయము. న్యాయమునకై అంతగా దహించుకొనిన యా రచయిత స్వయముగా ప్రభుత్వాగ్రహమునకు బలియై చంపబడెను. అరబ్బీనుండి హీబ్రూకు, లాటినునకు, యూరపు భాషలకు గ్రంథము వ్యాపించి, 1570లో ఇంగ్లీషునకు జేరెను. ఫ్రెంచికవి లా ఫోంటేను 1678లో తన కథలకు భారతీయ పండితుని ఋణము నొప్పుకొనెను. ఇందరు పెద్దలు తలదాల్చినదానిని మనము క్రింది యరలో నుంచితిమి.

ఇది కపటము నేర్పు గ్రంథమని కొంద రాక్షేపింతురు. విషలక్షణ మెరిగిన వైద్యుని విషము పెట్టువాడని యనవచ్చునా? మిత్రసంప్రాప్తియందు కాకి, ఎలుక, తాబేలు, లేడి యను నలుగురు దుర్బలులు ఒకరికై యొకరు ప్రాణమొడ్డి వేటకానిని గెలిచిరి. కాకోలూకీయమున, శరణుజొచ్చిన కాకిని నమ్మవలదని గుడ్లగూబల సభలో రక్తాక్షు డొక్కడు మొత్తుకొనెను. తక్కిన మంత్రులు రాజు ముఖము జూచి మాటలాడిరి. తుదకు గుహ కాలిపోయెను. ఒంటరిమాటను వినిపించుకొనని సభలకు ఇది హెచ్చరిక. అయినను గ్రంథమున లోపములు లేవని మే మనము. స్త్రీలనుగూర్చియు, పుట్టుకనుబట్టి గుణము నిర్ణయించుటనుగూర్చియు నందు గలమాటలు కొన్ని మన కంగీకార్యములు కావు. అవి కొట్టివేయగల వయస్సు పెద్దలకే యున్నది; పెద్దలు చదువవలయు ననుటకు ఇదియు నొక కారణమే.

కావున మా విన్నపము చిన్నది. మీ పఠనమందిరమున పంచతంత్రము తప్పక యుండును. దానిని పై యరలోనికి మార్పుడు. వారమున కొకరాత్రి యొకరు చదువగా పదిమంది వినుడు; ఐదు వారములలో ఐదు తంత్రములు ముగియును. తుదిని నీతివాక్యము వ్రాసికొనవలదు. మన యూరిలో నేడు ఎవరి భయమును ఎవరు వాడుకొనుచున్నారు? మొన్న మనము నమ్మిన వదంతిని మనకు జేరవేసిన దెవరు? ఈ ప్రశ్నలు వేసికొని, దీపమార్పక మునుపు నిర్మొగమాటముగా జర్చించుడు. ఎవరిపై ననుమానము కలిగినదో, ఇంటికి బోవుత్రోవలో వారి తలుపు తట్టి, నడిమివాని బ్రమేయము లేక వారితోడనే మాటలాడుడు. సింహమును ఎద్దును చేయనిది ఆ యొక్క పనియే.