లా చదువునకు మార్కుల పత్రము

మార్కుల పత్రమును చీరల మడతలలో దాచు నలవాటు మన యిండ్లలో మిక్కిలిగా నున్నది. మంచి మార్కులు వచ్చినచో అది గోడమీద పటమై వ్రేలాడును. ఒక్క విషయమున తప్పినచో పెట్టె యడుగునకు చేరును. మా రాయచోటిలో న్యాయవాదులు కాగోరు చెల్లెండ్రు కొందరు ఈ నడుమ మాతో మాటలాడగా, మొదట బయటపడినది ఆ పెట్టె యడుగు కాగితమే. "అయివారమ్మా, ఇంటరులో లెక్కలు తప్పి మరల వ్రాసితిని. డిగ్రీ ఆరేండ్లకుగాని ముగియలేదు. నావంటి దానిని లా కాలేజీలో చేర్చుకొందురా?" అని వారి ప్రశ్న.

ఈ తప్పుటకు కారణములను మా సీమలో దూరము పోయి వెదుకనక్కరలేదు. వానలు లేక, తల్లి కువైటుకు పనికి పోగా, పెద్దకూతురు తమ్ములకు వండిపెట్టుచు చదివిన ఇంటరు అది. మా కంటికి ఆ మార్కులు తక్కువవి కావు. కాని మా కన్నుతో పని లేదు. నియమ మేమనునో చూడవలెను.

భారత బార్ కౌన్సిలువారు 2008లో చేసిన నియమములను బట్టి, మూడేండ్ల చదువునకు డిగ్రీలోను, అయిదేండ్ల చదువునకు ఇంటరులోను నూటికి 45 మార్కులుండవలెను. వెనుకబడిన తరగతులవారికి 42, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 40 చాలును. ఎన్నేండ్లకు ముగించితివని ఆ మార్కుల నియమము అడుగదు. ఆ గడప దాటిన పిమ్మట వరుస నిర్ణయించునది లాసెట్ పరీక్షయే. తొంబది నిమిషములలో 120 ప్రశ్నలు; అందు సగము న్యాయశాస్త్రమునకు సంబంధించినవి, తక్కినవి సామాన్య జ్ఞానము, వర్తమాన విషయములు. 42 మార్కులు వచ్చిన నర్హత కలుగును. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆ కనీసమును లేదు. ప్రశ్నపత్రము తెలుగునను ఉండును. పదుమూడవ శతాబ్దముననే కేతన ధర్మశాస్త్రమును తెనుగు చేసి విజ్ఞానేశ్వరీయ మని పేరిడెను గదా, ఈ విద్య తెలుగు నోట పలుకరాని దేమియు కాదు.

కావున ఇంటరు తప్పి మరల వ్రాసిన చెల్లెలు నిశ్చింతగా నుండవచ్చును. మాకు దిగులు కలిగించినది మరియొకతె. ఆమె మార్కులు చక్కనివే. పదవ తరగతితో పెండ్లియై, పిల్లలు బడికి పోవు కాలమున సార్వత్రిక విశ్వవిద్యాలయమువారి ప్రవేశపరీక్ష వ్రాసి, ఇంటరు లేకయే నేరుగా డిగ్రీ చదివి, మంచి తరగతిలో గెలిచినది. ఇంటిల్లిపాదియు గర్వించిన పత్రము. ఆ పత్రమే లా చదువునకు పనికిరాదు. క్రింది చదువు లేక నేరుగా సార్వత్రిక పద్ధతిని పొందిన డిగ్రీ చెల్లదని ఆ 2008 నియమములలోనే యున్నది. దూరవిద్య యగుట దోషము కాదు. క్రిందిమెట్టుండి దూరవిద్యలో చదివిన డిగ్రీ చెల్లును. మెట్టు విడిచిపెట్టుటయే దోషము.

ఇది అన్యాయమని మా వారు వాదించిరి. మాకును కొంత అట్లే తోచినది; అయినను, ఏది ముందు, ఏది వెనుక అని యడుగుట న్యాయశాస్త్రమునకు పుట్టుకతో వచ్చిన గుణము. నిండుసభలో ద్రౌపది యడిగినది అదియే కాదా? ధర్మరాజు తన్ను ముందోడెనా, నన్ను ముందోడెనా అని. ఆ పూర్వాపరముపైననే ఆమె దాస్యమంతయు ఆధారపడియున్నది. భీష్మునికే సమాధానము చిక్కలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి చదువు చూడుడు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదేండ్లకే పెండ్లి, ఊహ తెలిసిన పిమ్మట ఆ సంబంధమును వదలుకొనిరి. ఇంగ్లీషు నిర్బంధము చేయుట నచ్చక చిన్ననాడే బడి మానిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయిరి. చెర వీడిన పిమ్మట మెట్రిక్యులేషనునకు కూర్చుండిరి. అదియు కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి పరీక్ష. బడికి పోజాలని స్త్రీలకు నాడు ఆ కాశీ పరీక్షయే దిక్కు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. ఆమె పత్రికలలో ప్రకటన యిచ్చి, చదువగోరు బాలికలను కూర్చుకొని, వసతి తామే కల్పించుకొనిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందునప్పటికి ముప్పదియేండ్లు దాటినవి. నాలుగేండ్లకు, 1946లో, రాజ్యాంగపరిషత్తున సభ్యురాలైరి. ఆ చదువు ఆలస్యమైనదే కాని మెట్టు తప్పినది కాదు.

మెట్టు తప్పిన మా చెల్లెలికిని దారి మూసికొనిపోలేదు. పదవ తరగతి యున్నది గనుక సార్వత్రిక పాఠశాల ద్వారా క్రమముగా ఇంటరు చదివి, అయిదేండ్ల చదువునకు లాసెట్ వ్రాయవచ్చును. లాసెట్‌నకు గరిష్ఠ వయఃపరిమితి లేదు. మాట విని ఆమె మొగము చిన్నబోయినది. డిగ్రీ చదివినదానికి మరల ఇంటరా యని అత్తగారు నవ్విరి. నవ్వనిండు. రెండేండ్లు ఎట్లును గడచును, ఇంటరు చదివినను చదువకున్నను.

కష్ట మింకొకచో నున్నది. లా చదువు దూరవిద్యలో లేదు. ఒక్కొక్క విషయమున నూటికి 70 పాళ్లు తరగతులకు హాజరు కావలెను. తిరుపతి మహిళా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర శాఖ కలదు, కాని రాయచోటినుండి దినదినము పోయివచ్చు దూరము కాదు. దరఖాస్తు పెట్టకముందే ఇంటిలో ఈ 70 పాళ్ల లెక్క తేల్చుకొనవలెను: పొయ్యి యెవరిది, పిల్లలెవరి యొద్ద, బస్సు కూలి యెవరిది అని.

మరియొక చిన్న మాట. పెండ్లియైన పిదప ఇంటిపేరు మార్చుకొన్నవారు పదవ తరగతి, ఇంటరు, డిగ్రీ పత్రములను, ఆధారు కార్డును ప్రక్కప్రక్కన పరచి, పేరు అక్షరాక్షరము సరిపోయినదో లేదో ఇప్పుడే చూచుకొనుడు. సీటు వచ్చిన పిమ్మట కచేరీల చుట్టు తిరుగుట కంటె ఇది సులభము.