కార్డు రాసే చెయ్యి ఎవరిది?

బెంగళూరు ఐటీ కంపెనీల్లో పనిచేసే మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రకారును అడగండి, పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఎలా ఉంటుందో చెబుతారు. నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు, ఎక్కడ ఆగిపోయింది? రెండు వారాలకో విడత పని, దాన్ని స్ప్రింట్ అంటారు. గోడ మీదో తెర మీదో కార్డులు, పని పూర్తయిన కొద్దీ ఒక గడి నుంచి మరో గడికి జరుగుతుంటాయి. ఇదే ఎజైల్ పద్ధతి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి దీని మూల సూత్రాలు రాసుకున్నారు. చిన్న జట్టు తన పనిని తానే నిర్ణయించుకోవాలి, చేసిన కాస్తా వెంటనే చూపించాలి, పొరపాటని తేలితే దారి మార్చుకోవాలి. పది మందికి ఇది హాయిగా సరిపోయింది. పదివేల మందికి పరచబోయినప్పుడే చిక్కు వచ్చింది. దానికోసం 2011లో సేఫ్ అనే చట్రం పుట్టింది, దాని చుట్టూ శిక్షణలూ సర్టిఫికెట్లూ పెరిగాయి. చాలా కంపెనీల్లో ఇవాళ మీటింగులన్నీ ఎజైల్‌గానే జరుగుతాయి, నిర్ణయాలు మాత్రం ఎప్పటిలాగే పైనుంచి దిగుతాయి.

ఈ చిక్కు మన ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడ పుట్టిన ఒక బడి పద్ధతి అచ్చం ఇదే దారిలో నడిచింది.

మదనపల్లె దగ్గరున్న రిషీవ్యాలీ అనగానే జిడ్డు కృష్ణమూర్తి, ఆయన స్థాపించిన బోర్డింగ్ స్కూలు గుర్తొస్తాయి. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన చిన్న బడుల సంగతి మనవాళ్లకే తక్కువ తెలుసు. 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల పని భుజాన వేసుకున్నారు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ పలకల మీద గీతలు గీస్తూ కూర్చోవాల్సిందే. పైగా టమాటా కోతకో, వేరుశనగ పీకడానికో అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్ల పది రోజుల తర్వాత బడికొస్తే, పాఠం ఎప్పుడో ముందుకు వెళ్లిపోయి ఉండేది. ఆ పిల్లే నెమ్మదిగా బడి మానేసేది.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు, కార్డు మీద ఒక గుర్తు. గోడ మీద నిచ్చెన బొమ్మ. పిల్ల తను ఏ మెట్టు మీదుందో తానే చూసుకుని, కార్డు తీసుకుని, ఆ పని చేసే గుంపులో కూర్చుంటుంది. కొన్ని గుంపుల్లో టీచరు పక్కనే ఉంటుంది, కొన్నింట్లో పెద్ద పిల్లలు సాయం చేస్తారు, కొన్నింట్లో ఎవరి పని వాళ్లదే. మెట్టు చివర ఒక పరీక్ష కార్డు. రాకపోతే ఇంకో రకం కార్డుతో మళ్లీ అభ్యాసం, వస్తే పై మెట్టు. పది రోజులు రాని పిల్ల ఆపిన చోటి నుంచే మొదలెడుతుంది, ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. యూటాలో 17 మంది కూర్చోవడానికి చాలా ఏళ్ల ముందే ఈ పల్లె పిల్లలు కార్డులు జరుపుతూ తమ పనిని తామే చూసుకునేవాళ్లు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సంగతి మరొకటి ఉంది. ఆ కార్డులు తయారుచేయడంలో ఆ బడుల టీచర్ల చెయ్యి ఉంది. ఊరి కథలు, ఊరి పాటలు వాటిలోకి వచ్చాయి. తల్లులు బడికొచ్చి కథలు చెప్పేవాళ్లు. మెట్రిక్ మేళా పేరుతో పిల్లలు అంగళ్లు పెట్టి ఊరివాళ్లకు తూకాలు వేసి, కొలతలు కొలిచి చూపించేవాళ్లు. పిల్లలకు ఎక్కని కార్డును ఆ టీచరే పక్కన పెట్టి ఇంకోటి రాయగలిగేది.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు రిషీవ్యాలీకి వచ్చి ఈ బడులు చూశారు. వెనక్కి వెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే రాసుకున్నారు. అదే నలి కలి. 2003లో చెన్నై నగరపాలక సంస్థ కమిషనరుగా ఉన్న ఎం.పి. విజయకుమార్ పదమూడు బడుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టి, నగరంలోని మిగతా కార్పొరేషన్ బడులకు విస్తరించారు. 2007-08 నాటికి తమిళనాడు అంతటా, ఆ తర్వాత కొద్ది కాలానికే కర్ణాటక అంతటా ఒకటి రెండు తరగతుల్లో ఇది ప్రభుత్వ పద్ధతి అయింది. లక్షల మంది పిల్లలు బెత్తం భయం లేకుండా నేల మీద గుంపులుగా కూర్చుని చదువుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు, దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ రాష్ట్రమంతటికీ ఒకేసారి పరిచినప్పుడు కార్డులు అచ్చయి అట్టపెట్టెల్లో బడికి చేరాయి. కొండ మీది బడికీ, సముద్రపు ఒడ్డు బడికీ ఒకటే నిచ్చెన. కార్డు రాసిన టీచరుకు దాన్ని మార్చే హక్కు ఉంటుంది. అట్టపెట్టె అందుకున్న టీచరుకు మిగిలేది రిజిస్టరు నింపే పని. పాలు పోసిన గిన్నెలు ఊరూరికీ పంపి, తోడు వేయడం మరిచిపోయినట్టయింది.

కుప్పంలో ఇంకో రకంగా జరిగింది. 2002లో హెచ్‌పీ కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు పెట్టింది. అందులో నాకు నచ్చింది గ్రామ ఫొటోగ్రాఫర్ల పని. పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్ పట్టుకుని ఊళ్లు తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చి సంపాదించుకున్నారు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరి ఫొటో తీయాలో ఆ ఆడవాళ్లే చూసుకున్నారు. ప్రాజెక్టు ఎంతకాలం ఉండాలో మాత్రం వాళ్ల చేతిలో లేదు.

అదే పొదుపు సంఘాలను చూడండి. ఎవరికి అప్పివ్వాలో సంఘంలోని పది పన్నెండు మందే కూర్చుని తేలుస్తారు. ఈ పద్ధతి బిహార్ దాకా వెళ్లింది. మాన్యువళ్లతో సరిపెట్టకుండా మన పల్లెల మహిళలే అక్కడికి వెళ్లి, ఊళ్లలో ఉండి, పక్కన కూర్చుని సంఘాలు కట్టించారు. నిర్ణయం కూడా సంఘంతో పాటే ప్రయాణించింది, అందుకే నిలబడింది.

ఇక మన రాష్ట్ర విద్యాశాఖలో లక్ష మందికి పైగా టీచర్లున్నారు. చాలా ఐటీ కంపెనీలకు తీసిపోని సంస్థ అది. పుంగనూరు చుట్టుపక్కల ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిచే బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ టీచర్ల పొద్దు ఎంత యాప్‌ల పనికి పోతోందో వాళ్లను అడిగితే చెబుతారు. అధికారులకు నా విన్నపం ఒక్కటే. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివి వినిపించడం తగ్గించండి. ఒక పూట టీచర్లకు వదిలేయండి. ఏ పాఠం పిల్లలకు ఎక్కలేదో వాళ్లు చెప్పుకోనివ్వండి, దాని స్థానంలో కొత్త కార్డు రాసుకోనివ్వండి, మరుసటి రోజు నుంచే దాన్ని బడిలో వాడుకునే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మండలాల్లో ఈ విద్యా సంవత్సరమే మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు.