గోధుమ మానితే సరిపోదు

లేపాక్షి నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. రెండేళ్ల క్రితం వైద్యులు ఆమెకు సీలియాక్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారించారు. నాటి నుంచి ఆమె చపాతీ, పరోటా, సేమ్యా, రవ్వ పూర్తిగా మానేశారు. కడుపునొప్పి తగ్గింది, రక్తహీనత కుదుటపడింది. అయితే ఇటీవలి పరీక్షల్లో కొలెస్ట్రాల్, రక్తపోటు రెండూ పెరిగినట్లు తేలింది. వైద్యులు వద్దన్నదంతా మానేసిన తనకు గుండె ముప్పు ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె ప్రశ్న. బార్లీతో చేసే తల్బీనా తాగలేకపోవడం వల్ల సున్నత్‌కు దూరమవుతున్నానా అన్నది ఆమె మరో ఆవేదన. ఈ రెండింటికీ తెలిసినంతలో జవాబు చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే ఒక మాంసకృత్తునే గ్లూటెన్ అంటారు. సీలియాక్ వ్యాధి ఉన్నవారు దాన్ని తింటే, శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. తిన్న ఆహారంలోని ఇనుము, కాల్షియం వంటివి ఒంటికి పట్టవు. దీనికి జీవితాంతం గ్లూటెన్ మానడమే చికిత్స. అంతవరకు ఆ సోదరి చేసింది సరైనదే.

అయితే గోధుమ వెళ్లిపోయిన చోటును ఏది నింపింది? మన ఇళ్లలో సాధారణంగా దాన్ని నింపేది మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, నూనెలో వేయించిన బియ్యప్పిండి చిరుతిళ్లు, ‘గ్లూటెన్ రహితం’ అని ముద్రించిన బిస్కెట్ పాకెట్లు. ఆ పాకెట్లలో చాలావాటిలో పీచు తక్కువగా, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉంటాయి. ముడిధాన్యపు పీచు తగ్గి ఉప్పు, కొవ్వు పెరిగితే ఆ భారం గుండెపైనే పడుతుంది. అమెరికాలో లక్షమందికి పైగా ఆరోగ్య ఉద్యోగులను 26 ఏళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. సీలియాక్ లేనివారికి గ్లూటెన్ తినడం వల్ల గుండెజబ్బు ముప్పు పెరగదనీ, దాన్ని మానే ప్రయత్నంలో ముడిధాన్యాలు తగ్గితే నష్టమే కలగవచ్చనీ అది హెచ్చరించింది. కాబట్టి వ్యాధి లేనివారు ఇతరులను చూసి గోధుమ మానవలసిన పనిలేదు. అనుమానం ఉన్నవారు గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే ఫలితం సరిగా రాకపోవచ్చు.

మరి ఆ చోటును దేనితో నింపాలి? హిందూపురం నుంచి లేపాక్షికి వెళ్లే దారి పక్కనే జవాబు ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ కరువు నేలలో మన పెద్దలను బతికించినవి రాగులు, కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఉలవలు. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చి పేదల ఆకలి తీర్చింది. అది మేలే. అయితే క్రమంగా ఆ ధాన్యాలు మన పళ్లెంలో తగ్గిపోయాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్టణాలవారు వాటిని వెతుక్కుంటున్నారు. మనకు అవి ఇంటి ముందరి పంట.

సోదరికి మా సూచన ఇది. ఒక పూట రాగి సంగటి, ఆకుకూర పప్పు. మరో పూట జొన్నరొట్టె లేదా కొర్రన్నం, ఉలవచారు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పేగు దెబ్బతిన్నవారి ఎముకలకు అది అవసరం. ఉప్పు లేని వేరుశనగలు గుప్పెడు తింటే గుండెకు మేలు చేసే కొవ్వు లభిస్తుంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించకూడదు. అందువల్ల ఊరగాయ, అప్పడాలు తగ్గించాలి. బిర్యానీలో డాల్డా మానాలి. మాంసంపై కొవ్వు తీసేసి, వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం కావాలి. సంగటి కూడా పిండిపదార్థమే కనుక మితం తప్పదు. మధుమేహం ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. గోధుమలు ఆడిన పిండిమరలోనే రాగులు ఆడిస్తే గోధుమపిండి కలుస్తుంది. వాటిని ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం మేలు. రొట్టెల పెనం వేరుగా ఉంచాలి. సమోసాలు వేయించిన నూనె వాడరాదు. బజారులో దొరికే ‘రాగి సేమ్యా’లో తరచూ గోధుమపిండి ఉంటుంది, పొడి ఇంగువలోనూ సాధారణంగా కలుపుతారు. పాకెట్ వెనుక చదివి చూడాలి. రమజాన్‌లో హలీమ్‌ను గోధుమ, బార్లీలకు బదులు కొర్రలు, పప్పులతో వండుకోవచ్చు. పండుగనాడు షీర్ ఖుర్మాకు బియ్యపు సేమ్యా చాలు.

ఇక తల్బీనా విషయం. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. బార్లీలో గ్లూటెన్ ఉంది కనుక ఈ సోదరికి అది ఊరట కాదు, హాని. ఎవరినీ హాని చేసుకోమని ధర్మం కోరదు. తమను తాము వినాశంలోకి నెట్టుకోవద్దని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. ధర్మసమ్మతమైన ఉడుము మాంసం వడ్డించినప్పుడు దైవప్రవక్త (స) తినలేదు, పక్కనే ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తింటుంటే వారించలేదు. హలాల్ అయిన ప్రతిదీ ప్రతి ఒక్కరూ తినితీరాలన్న నియమం లేదని దీనివల్ల గ్రహించవచ్చు.

చివరగా ఆ ఇంటి పెద్దలకు ఒక మాట. ‘ఒక్క చెంచాతో ఏమవుతుంది, బర్కత్ కోసం తిను’ అని కోడలిని బలవంతపెట్టకండి. ఆ ఒక్క చెంచా ఆమె పేగును గాయపరుస్తుంది. ఆమెకొక్కదానికే వేరే గిన్నె పెట్టి, వేరుగా కూర్చోబెట్టడానికి బదులు వారంలో కొన్ని పూటలైనా ఇంటిల్లిపాదీ ఆ సంగటే తినండి. ఆమె మనసుకు ఊరట, అందరి గుండెలకూ మేలు. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, మితాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.